ఏడు డాలర్లు ఎక్కువ

స్క్రాంటన్ లైబ్రరీ కింది గదిలో
బుధవారం రెండు నుంచి అయిదు దాకా
నా ముందొక మడత బల్ల, రెండు పెన్నులు,
గోడవతల బాయిలర్ దగ్గు.
లాయర్లు లోపల.
నేను గుమ్మం.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను.
పచ్చ చీటీ అంటించిన కవర్లు నాకు బాగా తెలుసు,
సంతకం పెట్టించుకునే ఇస్తాం వాటిని.
తలుపు ఓరగా తెరుచుకునేది.
ఒక చెయ్యి మాత్రమే బయటికొచ్చేది.
మంచిదండీ అని మెట్లు దిగేవాణ్ణి.
కవరు లోపలి మాట నాది కాదు కదా.

ఇప్పుడా కవర్లే తిరుగు టపాలో
నా బల్ల మీదికి వస్తున్నాయి,
మనుషులతో సహా.

ఆల్బినా యురేవిచ్. డెబ్బై తొమ్మిది.
గౌన్ల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిందట,
ఆ ఫ్యాక్టరీకి తాళం పడేదాకా.
కాగితాలన్నీ బ్రెడ్డు సంచిలో తెచ్చింది,
మూతికి అదే పాత తీగ ముడి.
విప్పుతుంటే పిండి వాసన.
గ్యాసు బిల్లు, పంటి డాక్టరు బిల్లు,
ఎప్పుడో చచ్చిపోయిన పిల్లికి వేయించిన టీకా చీటీ,
అన్నిటి అడుగున నోటీసు.
పది రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు కొత్త యజమాని.
అందులో నాలుగు
ఎవరినడగాలో తెలుసుకోవడానికే పోయాయి:
ఒక నంబరు ఇంకో నంబరు చెప్పింది,
ఆ నంబరు సంగీతం వినిపించింది,
సంగీతం ఆగి సోమవారం చెయ్యమంది,
సోమవారం సెలవు.

"లాయరంటే గంటకింత అంటారు గదా బాబూ,
నాకు గంట పట్టదు. గబగబా చెప్పేస్తా."
ఇక్కడ డబ్బు తీసుకోరమ్మా అన్నాను.
నమ్మలేదు. పర్సు ఒళ్ళో అలాగే
రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఫారం అడిగిందే నేనూ అడిగాను.
నెలకెంత వస్తుంది, ఇంట్లో ఎందరు.
లెక్క కట్టాను. కొట్టేసి మళ్ళీ కట్టాను.
గీతకి ఏడు డాలర్లు ఎక్కువ.

ఏడు డాలర్లు!
రెండు బ్రెడ్లు, మీద చిల్లర.
ఇన్నాళ్ళూ దేనికీ చాలని డబ్బు
ఇవాళ ఎక్కువైంది.

పెన్ను మూత పెట్టబోతుంటే
మరీబెల్ ఒకాసియో తలుపులోంచి తల పెట్టింది:
"ఎమ్లిన్, పుట్టిన తేదీ చూశావా?
అరవై దాటితే నీలం ఫారం.
అందులో డబ్బు మాటే ఉండదు."

ఆల్బినా కాసేపు ఆ నీలం కాగితాన్ని
బట్ట నాణ్యం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసింది.
"మోకాళ్ళు పట్టుకుపోయింది, ఒక చెవి పట్టుకుపోయింది.
ఈ వయసు నాకేదైనా ఇవ్వడం
ఇదే మొదలు."

తరవాతి కుర్చీ.
కోల్బీ. గిడ్డంగిలో రాత్రి పని, ఇరవై ఆరేళ్ళు,
కళ్ళ కింద రెండు రాత్రుల నలుపు,
భుజం మీద నిద్రపోతున్న పాప,
ఒక కాలికే మేజోడు.
పచ్చ చీటీ కవరు ఇతనిదీ.
లెక్క కట్టాను.
పదకొండు ఎక్కువ.
నీలం ఫారాలు మోచేతి పక్కనే దొంతరగా ఉన్నాయి,
ముప్పై నాలుగేళ్ళ దూరంలో.

గీత గీసింది నేను కాదు బాబూ,
అనబోయాను.
మాట గొంతు దాకా వచ్చి ఆగింది.
ఎక్కడో విన్న మాట అది,
ఏదో మెట్ల మీద,
నా గొంతుతోనే.

ఒక నంబరు రాసిచ్చి పంపడం రివాజు.
చీటీ అతనికివ్వలేదు.
ఫోను నా వైపు లాక్కున్నాను.
"కూర్చో. ఆ సంగీతమేదో
నేను వింటాలే."

అయిదుకి పది నిమిషాలుంది.
చెవిలో ఎవరో పియానో మీద
ఒకటే ముక్క తిప్పి తిప్పి వాయిస్తున్నారు.
లోపలికి రమ్మని పేరు పిలిచినా వెళ్ళకుండా
ఆల్బినా, బల్ల కింద వంగి,
ఆ రెండో మేజోడు వెతుకుతోంది.