వదులు ముడి

పోస్టాఫీసులో గుమాస్తా పేరు రాసుకుని
"ఎన్ని?" అన్నాడు.
ఆరు.
చట్టం ఒప్పుకున్నవి అన్నే, ఏడోది మొలిస్తే పీకెయ్యాలి.
సుల్మా బయటికొచ్చి నవ్వింది:
"నలభై ఏళ్ళు సముద్రాన్ని లెక్కాపత్రం లేకుండా ఈడ్చావు,
ఆరు గంజాయి మొక్కలకు రిజిస్టరా, అదెమార్!"

మాది ఉరుగ్వేలో తూర్పు తీరం, ఇసుక నేల.
పంపేరో నైరుతి నుంచి వస్తుంది.
మధ్యాహ్నం దాకా ఉక్క, ఈగలు.
కుక్క మంచం కిందికి దూరుతుంది.
ఆకాశం అంచున చుట్టిన చాపలాంటి మబ్బు
దొర్లుకుంటూ, దొర్లుకుంటూ...
ఆ తర్వాత ఎవరి చొక్కా ఎవరి దండెం మీదుంటుందో
చెప్పలేం.

మొదటి ఏడు ఇనుప రేకులు పాతాను.
గాలి రేకును గుద్దలేదు. ఎక్కింది.
గోడెక్కిన దొంగలా ఇటు దూకింది.
రేకు చెక్కుచెదరలేదు,
దాని చాటునే
నాలుగో మొక్క చంక దగ్గర నిలువునా చీలింది.
చెయ్యి విరిగిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు
కొమ్మను ఎత్తి పట్టుకుని నిలబడ్డాను,
సుల్మా తేనె, పాత మేజోడు, రెండు ఐస్‌క్రీం పుల్లలు తెచ్చేదాకా.
తేనె చీలికలోకి, పుల్లలు దబ్బలుగా,
మేజోడు కట్టుగా.
పదిరోజులకు అతుకు దగ్గర కణుపు కట్టింది.
నీ మోకాలులాగే ఉందన్నాను.
ఆ పూట అన్నీ చల్లారినవే తిన్నాను.

పడవ అమ్మినా వల అమ్మలేదు,
కొనేవాడు లేక.
నాలుగు వానలకు వేలాడదీస్తే గాని ఉప్పు వదల్లేదు దానికి.
సరుగుడు గుంజల మధ్య రెండు పొరలుగా కట్టాను.
అవతల రంకెలేసిన గాలి
ఇవతలికి జల్లెడలోంచి పిండిలా రాలింది.
ఇంకో ముక్కను మొక్కల నడుమెత్తున అడ్డంగా పరిచాను,
ఒక్కో కన్నులోంచి ఒక్కో కొమ్మ.
దూరినదాన్ని పోనివ్వకపోవడమొక్కటే తెలిసిన వల
పైకి పోనిస్తోంది.

లేతప్పుడు కాస్త ఊగనివ్వు, కాండం గట్టిపడుతుంది,
అంటాడు పక్కింటి మిల్టన్.
నా చేతులు గాలి లేని రోజు కూడా ఊగుతాయి.
అవి మాత్రం గట్టిపడలేదు.
డాక్టరు దానికో పేరు చెప్పింది,
సుల్మా ఆ పేరు ఇంట్లో పలకనివ్వదు.
పడుకునే ముందు నాలుక కింద రెండు చుక్కల నూనె.
నయమవుతుందని ఎవరూ అనలేదు.
నిద్ర పడుతుంది.

మార్చి చివర. కోతకు ఇంకా పన్నెండు రోజులు.
పూగుత్తులు తడిసిన దూదిలా బరువు.
కుక్క మంచం కిందికి వెళ్ళింది.
లాంతరు పట్టుకుని ఇద్దరం బయటపడ్డాం.
వణికే చేతికి భయమెక్కువ,
ప్రతి ముడినీ ప్రాణం మీదికొచ్చినట్టు బిగిస్తుంది.
మూడు నేను కట్టాను.
నాలుగోదానికి తాడు జారింది, మళ్ళీ జారింది.
సుల్మా లాక్కుంది.
"చెప్పు, ఎలా?"
ఎనిమిది అంకెలా తిప్పు, ఒక సున్నా కర్రకి, ఒక సున్నా కాడకి.
వేలు పట్టేంత వదిలేసింది.
"బిగించు!" అరిచాను.
గాలికి వినబడలేదంది.

తెల్లవారింది.
నేను కట్టిన రెండోదాని మెడలో
తాడు బెరడు కోసుకుని లోపలికి దిగింది,
పై కొమ్మ తోలుతో వేలాడుతోంది.
సుల్మా కట్టిన అయిదోది నేలకు వాలి పడుకుంది,
సున్నాలు జారి కర్ర మొదట్లో ఉన్నాయి.
వేళ్ళు కదల్లేదు. ఎత్తితే లేచింది.

నేనేమీ అనలేదు.
ఆమె మేజోళ్ళ కోసం లోపలికి వెళ్ళింది.
లెక్క చూడ్డానికి గుమాస్తా ఎవడూ రాడు,
అయినా తాకుతూ ఒక్కొక్కటే లెక్కపెట్టాను.
అయిదు దాకా వచ్చి, మధ్యలో తప్పి,
మళ్ళీ మొదటినుంచి.