చెల్లనివి

మా ఫియోర్డు ఒడ్డున
నవంబరు చివర మునిగిన సూర్యుడు
జనవరి దాకా తేలడు.
అలాగని చీకటి అనుకోకండి.
పదకొండింటికి ఒక నీలం వస్తుంది.
కొండమీది మంచు దాన్ని పీల్చుకుని
మెల్లమెల్లగా వదులుతుంది.
"ఇప్పుడు మీకు పగలా, రాత్రా?"
దక్షిణాన్నించి మేనకోడలు ఫోన్లో అడుగుతుంది.
ఏటా అడుగుతుంది.
ఏటా నేను మాట మారుస్తాను.

ఈసారి ఆ నీలంలోనే
రాగి గని మీద ఓటు వేశాం.
ప్రశ్న ఒకటే, గళ్ళు రెండే:
అవును. కాదు.

గని తెరిస్తే బడి మూతపడదు.
గని తెరిస్తే, కాడ్ చేప గుడ్లు పెట్టే చోట
రాతిపిండి పేరుకుంటుంది.
రెండూ నిజమేనని
ఏ సభలోనూ ఎవరూ ఒక్క ఊపిరిలో అనలేదు.
అన్నవాడు ఒక్కడే, పడవల మెకానిక్ ఐలిఫ్.
వాణ్ణి గోడమీద పిల్లి అన్నాం.
నేనూ అన్నాను.
పిల్లికి రెండు పెరళ్ళూ కనిపిస్తాయని
అప్పుడు తోచలేదు.

వేసవికే కాఫీ కొట్లో బల్లలు విడిపోయాయి.
కావాలన్నవాడు ఊరిని అమ్ముకునేవాడు,
వద్దన్నవాడు పిల్లల నోటికాడి కూడు లాగేవాడు.
ముప్పై ఏళ్ళు మా గుమ్మంలో మంచు తవ్విన
మా వదిన బోర్గిల్
ఇప్పుడు సరిగ్గా హద్దు దాకా తవ్వి
పార దులుపుకుని లోపలికి పోతోంది.
నేను మాత్రం తక్కువ తిన్నానా,
ఆవిడ పుట్టినరోజు మరిచిపోయినట్టు నటించాను.

అందరికన్నా పెద్ద గొంతు తూర్‌లైవ్‌ది.
గుండెమీద 'కాదు' బిళ్ళ,
పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద, సరుకుల కొట్లో
ఒకటే మాట:
"మధ్యలో ఏమీ లేదు.
ఉంటే గింటే పిరికితనం."
నా మొహం మీదే అన్నాడు,
చేతిలో పాలడబ్బా పట్టుకుని.

లెక్కింపు రాత్రి.
బడి ఆటలగది, బాస్కెట్‌బాల్ బుట్ట కింద
మూడు ట్రేలు.
మూడోదాని మీద అట్టముక్క: చెల్లనివి.

తొమ్మిది దాటాక నా చేతికొచ్చింది ఆ కాగితం.
రెండు గళ్ళూ ఖాళీ.
వాటి మధ్య వేలెడు సందులో
చీమలబారు లాంటి అక్షరాలు:

మా అబ్బాయికి పని కావాలి.
మా నాన్న వల వేసిన నీళ్ళూ కావాలి.
ఒకచోట గీత పెడితే
రెండోదాన్ని కొట్టేసినట్టుంది.
చాలాసేపు నిలబడ్డాను.
వెనక వరస పెరుగుతోంది. క్షమించండి.

ఇరవయ్యారేళ్ళు తపాలా కౌంటర్లో కూర్చున్నదాన్ని.
ఈ ఊరి చేతిరాతలు నాకు మొహాలు.
తోకని కుడికి తిప్పి
గాలంలా పైకి లాగే ఆ అక్షరం
ఒక్క తూర్‌లైవే రాస్తాడు.

"ఏమైంది?" అంది పక్కనున్న ఇంగా మారిత్.
"చెల్లదు," అన్నాను.
రూలు రూలే.
ట్రేలో వేసేటప్పుడు మాత్రం
బోర్లా వేశాను.

అవును, ఆరువందల పదకొండు.
కాదు, ఆరువందల నాలుగు.
చెల్లనివి పంతొమ్మిది.
వాటిలో రెండింటి మీద బూతులు,
ఒకదాని మీద ఎవరో గీసిన రెయిన్‌డీరు.
మిగతావి నేను చదవలేదు.
చదవాల్సింది.

మర్నాడు కొట్లో మళ్ళీ అదే గొంతు.
"ఓడలేదు మనం, అమ్ముడుపోయాం!
ఎవరెటో నాకు తెలుసు, ఒక్కొక్కళ్ళూ తెలుసు!"
బిళ్ళ ఇంకా గుండెమీదే ఉంది.
వరసలో అతని వెనక నేను.
తపాలా మనిషిని, రహస్యం కడుపులో పెట్టుకోవడం
నాకు కొత్త కాదు.
కానీ నోరు ఊరుకోలేదు.
"అబ్బాయి ఎలా ఉన్నాడు, తూర్‌లైవ్?"

బిళ్ళ మీద వేలు ఆగింది.
నావైపు చూశాడు, పాలడబ్బా వైపు చూశాడు,
తర్వాత కిటికీలోంచి బయటికి.
పదకొండు కావస్తోంది.