మూడు నిమిషాల ఎరుపు

విర్త్సు రేవులో జనవరి.
పడవ చీల్చుకుపోయిన దారి
వెనకాలే మళ్ళీ గడ్డకడుతోంది.
కాంటీన్ మీది గదిలో
నేనూ, ఒక హీటరూ,
రెండు ప్రోగ్రాములూ.

ఒకటి పడవ తలుపుది.
కార్లెక్కే ఆ పెద్ద ఇనప తలుపు
పూర్తిగా మూసుకుందా లేదా చూసి
ఒక్క మాట పంపడమే దాని బతుకు.
రెండోది పైన కెప్టెన్ గదిలో
ఆ మాట చదివి దీపం వెలిగించేది.
ఒకదాని మొహం ఒకటి చూసింది లేదు.
మధ్యలో ఒక క్యూ,
మాటలు వచ్చి నిలబడే సన్నని వసారా.

టెస్టు అంటే ముందు వేరుచేయడం.
తలుపు ప్రోగ్రామును ఒక కంటైనర్లో పెట్టి మూతేశాను.
లోపల నెట్‌వర్కు లేదు, ఉప్పుగాలి లేదు,
గడియారం కూడా నేను తిప్పితేనే తిరుగుతుంది.
అవతల కెప్టెన్ గదికి బదులు
నేను కుట్టిన డూపు, ఇరవై మూడు లైన్లు.
"తలుపు మూసుకుంది" అంటే "అందింది" అంటుంది.
"తెరిచే ఉంది" అన్నా "అందింది" అంటుంది.
"ఆకాశం విరిగిపడింది" అన్నా
అంతే వినయంగా "అందింది".
తానా అంటే తందానా.

రెండేళ్ళు.
నాలుగొందల పన్నెండు టెస్టులు
రోజూ కాఫీ చల్లారేలోగా పచ్చగా మొలిచేవి.
నేనా పచ్చదనాన్ని చూసి
కోటు తొడుక్కుని ఇంటికి పోయేదాన్ని.

హెల్దుర్ కింద టికెట్లు చింపుతాడు.
డెబ్బై దాటాయి, ఒకప్పుడు చేపల ఓడల్లో రేడియో మనిషి.
పైకి వచ్చేది నా కోసం కాదు, హీటరు కోసం.
ఆ రోజు నల్లరొట్టె మీద పొగచేపతో పాటు
ఒక గోడగడియారం చంకన పెట్టుకొచ్చాడు.
చిన్న ఇంటికి మారుతున్నాడట, గోడలు తగ్గాయట.
దాని మొహం మీద రెండు ఎర్ర ముక్కలు:
పావు దాటాక మూడు నిమిషాలు,
ముప్పావు దాటాక మూడు.
"ముల్లు ఇక్కడున్నంతసేపు
సముద్రమంతా నోరు మూసుకోవాలి, విర్వె.
ఎవరి కబుర్లు వాళ్ళు ఆపేసి
చెవులొక్కటే తెరిచి ఉంచాలి.
మునిగిపోయేవాడి గొంతు
ఎప్పుడూ సన్నగానే వస్తుంది."

తర్వాత నా స్క్రీను వైపు చూసి,
రొట్టె నములుతూ అడిగాడు:
"నీ అవతలివాడు ఎప్పుడైనా పలక్కుండా ఉన్నాడా?"

లేదు.
వాడికి నేను మౌనం నేర్పలేదు.

అతను దిగిపోయాక
డూపులోంచి ఒక లైను తీసేశాను.
తీసేయడమే, కొత్తగా రాసిందేమీ లేదు.

తలుపు "మూసుకుంది" అంది.
అవతల ఉలుకూ పలుకూ లేదు.
కంటైనర్లో గడియారం తిప్పాను:
ఐదు సెకన్లు. నిమిషం. గంట.
ఒక రాత్రి. ఒక వేసవంతా.
అది ఎదురుచూస్తూనే ఉంది,
ఉత్తరం వేసి పోస్టుడబ్బా పక్కనే నిలబడిపోయినవాడిలా.
దాని వెనక, వసారాలో,
"తలుపు తెరుచుకుంటోంది" అనే తర్వాతి మాట
వంతు రాక చలిలో నిలబడి ఉంది.

నాలుగొందల పదమూడోది.
ఎరుపు.

భయం వేసిందనను, సిగ్గేసింది,
తడి బూట్లతో ఎవరి తివాచీయో తొక్కినట్టు.
కిటికీ బయట నాలుగున్నర పడవ,
ముప్పై ఏడు కార్లు, ఒక పాల ట్యాంకరు,
నిజం తలుపు మూలుగుతూ లేస్తోంది.
రేవు ఆఫీసుకి ఫోన్ చేశాను.
"ఈ వారం ఆ దీపాన్ని నమ్మకండి,
మనిషిని పంపి చూసుకోండి."
అటువైపు మారిక నవ్వింది.
"మేమెప్పుడు నమ్మాం?
ప్రతి ట్రిప్పుకీ ఓ కుర్రాడు దిగి
తలుపుని కాలితో తన్ని వస్తాడు."

మర్నాటి నుంచి డూపుకి చెడు నేర్పుతున్నాను.
ఆలస్యంగా పలకడం,
ఒకే జవాబు రెండుసార్లు చెప్పడం,
"అంది" దగ్గర చచ్చిపోవడం.
తలుపుకి ఓపికా నేర్పుతున్నాను, ఓపికకి హద్దూ:
మూడు సార్లు అడుగు,
పలక్కపోతే గొంతు చించుకో.
గడియారాన్ని హీటరు పైన తగిలించాను.
గంటకి ఎనిమిది నిమిషాలు వెనకబడుతోంది,
దాని ఎరుపు ఎవరి ఎరుపుతోనూ కలవదు.
అయినా ముల్లు అక్కడికి రాగానే
చేతులు కీబోర్డు మీంచి వాటంతటవే లేస్తాయి.
కింద ఇనుము మీద, ఠంగుమని,
బూటుకాలి చప్పుడు.

ఆ తన్నుకి టెస్టు ఎలా రాయాలో
ఇంకా తెలియలేదు.