మంగళ, గురువారాల నర్సు

ఈ బడికి నేను వారానికి రెండు రోజులే.
మిగతా మూడు రోజులూ పిల్లలు
జ్వరాలు వాయిదా వేసుకోవాలి.

షికాగో ఉత్తరపు కొసన, నెత్తి మీద రైలు పోయే వీధిలో
మూడంతస్తుల పాత ఇటుక భవనం.
నా గది ఒకప్పుడు చీపుళ్ల గది.
ఒక మంచం, ఒక తూకం యంత్రం, ఐసు ముక్కల పెట్టె,
రాలిన పాలపళ్లు ఇంటికి పంపడానికి
పన్ను ఆకారంలోనే ఉండే ప్లాస్టిక్ డబ్బీలు,
గ్రోసు లెక్కన కొన్నవి.

జనవరి. మంచు కురిసి ఆగిన మధ్యాహ్నం.
రెండో తరగతి అనమూల్ వచ్చాడు,
నోటి నిండా నెత్తురు, బిగించిన పిడికిలి.
బళ్లో చేరి తొమ్మిది వారాలు. ఇంతవరకూ
వాడి గొంతు ఈ గోడలు వినలేదు.
రొహింగ్యా మాట తెలిసిన దుబాసీ కోసం ఫోన్ చేస్తే
అవతల పియానో వాయిస్తూ ఉండమంది.
ఉన్నాను.
వాడి వెనకే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, సగం తరగతి.

పిడికిలి విప్పించాను.
అరచేతిలో తెల్లగా, మూలలు తేలి, చిన్న పలుకు.
పన్ను కాదు.
పొద్దున మెట్ల మీద మంచు కరగడానికి
మిర్సాద్ చల్లిన ఉప్పురాయి.
పన్ను అక్కడెక్కడో తెలుపులో తెలుపై పోయింది.
వీడు మోకాళ్ల మీద పాకి పాకి వెతికి
దొరికినదాన్ని నమ్మాడు.

నేను నోరు తెరిచేలోగా పంచాయితీ మొదలైంది.
దిండు కింద పెట్టు, డాలరొస్తుంది, అన్నాడు జమారి.
దిండు కిందే, కానీ వచ్చేది ఎలుక, అంది ఇత్సెల్.
సూర్యుడి మీదికి విసిరి కొత్తది అడగాలట, నినోస్ మాట.
అందరూ కిటికీ వైపు చూశారు.
సూర్యుడు ఆ వారమంతా సెలవులో ఉన్నాడు.
ఖాంగ్ వేలెత్తాడు:
కింది పన్నయితే ఇంటి కప్పు మీదికి,
పై పన్నయితే మంచం కిందికి,
కొత్తది పాతదాని వైపే పెరుగుతుంది కదా,
ఆమాత్రం తెలీదా?

మా లూజాన్‌లో అమ్మమ్మ నా పళ్లన్నీ
రేకు కప్పు మీదికి విసిరేది. టంగున మోగేవి.
కానీ నేను జీతం తీసుకునే నర్సుని.
డబ్బీ మూత తీశాను.

ఇంతలో ఇత్సెల్ వేలు తడిపి పలుకుని తాకి
నాలిక్కి రాసుకుంది.
ఆగింది. నన్ను చూసింది.
"ఉప్పగా ఉంది."

"ఏడిస్తే పళ్లు కూడా ఉప్పగానే అవుతాయి,"
అన్నాడు జమారి, డాలరు సంగతి మర్చిపోయి.
ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మూడంతస్తులు. ఏ చెయ్యీ అంత ఎత్తు విసరలేదు.
కప్పు తాళం మిర్సాద్ దగ్గర,
జూన్‌లో బంతులు దించడానికి తప్ప పైకెక్కడు.
వచ్చాడు, తన బోస్నియా మోకాళ్లతో మెట్లని తిట్టుకుంటూ.
పలుకుని వెలుతురులో పెట్టి చూశాడు.
తన బస్తాలోది, ఎరగడా?
నా మొహం చూశాడు. తర్వాత వాడి మొహం.
గొంతు సవరించుకుని అడిగాడు:
"పై పన్నా, కింది పన్నా?"

అనమూల్ కింది పెదవి లాగి
ఎర్రటి ఖాళీ చూపించాడు.
రెండో చేతి వేలు మాత్రం పైకి, కప్పు వైపు.

నా రిజిస్టర్‌లో గళ్లు నాలుగే:
పేరు, గాయం, వైద్యం, ఎవరికి అప్పగించారు.
చివరి గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
సరిగ్గా అప్పుడు పియానో ఆగి దుబాసీ దొరికాడు.
ఏం అడగమంటారు, అన్నాడు.
ఇందాకే మాట్లాడేసుకున్నాం, అన్నాను.

సాయంత్రం బస్టాపు దాకా
మెట్ల మీద, కాలిబాట మీద,
నా బూట్ల కింద పటపట, పటపట,
ఎవరెవరివో పాలపళ్లు.