పద్నాలుగో బల్ల

మనామాల ఆ హోటలు కింద పెండ్లిళ్ళ హాలు.
షాండిలియర్లకు నల్లగుడ్డ కట్టి
మూడు రాత్రులల్ల పదహారు బల్లలు నిలవెట్టినం.
నాది బట్ట పని.
సిరిసిల్లల మగ్గం గుంతల దిగి పెరిగిన కాళ్ళు,
నీలం ఉన్ని బట్టను గుంజి బిగిచ్చే చేతులు.
అరచెయ్యితోని నిమిరితే
పోగు ఎటు పండుకున్నదో తెలుస్తది.
బంతికి గూడ తెలుస్తది, అంతకన్న ముందే.

ఆడేటోళ్ళు నూట ఇరవై ఎనిమిది మంది.
గోడకు అంటువెట్టిన చార్టు
మా అవ్వ పోసే ఆసు తీరున్నది:
ఎడమదిక్కు అన్ని పోగులు,
దగ్గరై దగ్గరై కుడి చివరకు ఒక్క ముడి.
మొదటి దెబ్బకే ఎవ్వర్ని ఇంటికి తోలరు.
ఒకపారి ఓడితే కింది చార్టుల పడుతరు,
ఆడ గెలుసుకుంట పోతే మళ్ళ పైకి పాకొచ్చు.
రెండోపారి ఓడితే టాక్సీ.
అరవై నలుగురు మిగిలినంక
ఆ దయ గూడ బందు.

తొమ్మిది ఆటలు ఎవడు ముందు గెలిస్తె వాడిదే మ్యాచు.
ఒకపారి నువ్వు పగలగొట్టు, ఒకపారి నేను.

కెమెరాలు ఏడు.
ఏడుకు ఏడు ఒకటో బల్ల మీదనే.
ముప్పై సెకన్ల గడియారం గూడ దానికే పెట్టిండ్రు,
టీవోళ్ళకు టైము పిరం.
అద్దాల గదిల కూసున్న ఇద్దరు
ఆట ఆగినా మాట ఆగనియ్యరు.
మిగతా బల్లలకు తలా ఒక టాబ్లెట్టు, తలా ఒక పిలగాడు.
వాడు అంకె నొక్కితే
లోకంల ఎవరి ఫోన్లనో అంకె మారుతది.

శుక్రారం. జుమాకు పోయి హాలు సగం ఖాళీ.
పద్నాలుగో బల్ల. కింది చార్టు.
రొడేలియో, జుబైల్ల వెల్డరు,
నాలుగు రోజుల లీవు అడుక్కొని
సముద్రం మీది వంతెన దాటి బస్సుల వచ్చిండు.
ఎదురుంగ పోలండు పిలగాడు,
అంగీ మీద పదకొండు కంపెనీల పేర్లు.
ఎనిమిదికి ఎనిమిది.
నేను బ్రష్షు పట్టుకొని నిలవడ్డ,
మ్యాచు అయితే బల్ల తుడవాలె.

ముందు ఎనిమిది కొట్టాలె.
తెల్లబంతికి దానికి నడుమ తొమ్మిది అడ్డం.
రొడేలియో పొట్టి కర్ర తీసిండు,
బాయిల గడ్డపార దింపినట్టు నిట్టనిలువుగ పట్టిండు.
ఠక్కుమన్నది.
తెల్లది లేచింది,
తొమ్మిది నెత్తి మీదికెల్లి దుంకి
ఎనిమిదిని మూల సంచిల పడగొట్టి
రెండు గోడలు తాకి మర్లి వచ్చి
తొమ్మిది ఎనుక ఆగింది,
మిగిలింది ముట్టుకుంటె పడేటట్టు.

పోలండు పిలగాడు కర్ర మొదలుతోని
నేలకు రెండు దెబ్బలు కొట్టిండు.
చప్పట్లు అవే.
టాబ్లెట్టు పిలగాడు తొమ్మిది–ఎనిమిది అని నొక్కిండు.
అదే గడియల ఒకటో బల్ల కాడ
చాంపియను నీళ్ళు తాగుతుండు,
మూడు కోణాలకెల్లి చూపిస్తుండ్రు.

రాత్రి సల్మాబాద్ రూముల దుప్పటి పరిచిన.
ఉల్లిగడ్డ తొమ్మిది, ఆలుగడ్డ ఎనిమిది,
తెల్లబంతికి కోడిగుడ్డు.
గుడ్డు ఎగరదు గదా.
మొండయ్య అన్నడు, యూట్యూబుల పెట్టరాదు, చూస్తం.
లేదన్న.
అట్లయితె కాలేదు తియ్యి,
అనుకుంట ఉల్లిగడ్డ అందుకొని తరిగిండు.

రొడేలియో గా రాత్రే
ఆరో బల్ల మీద తొమ్మిది–మూడుకు ఓడిండట.
తెల్లారి పేపర్ల గుర్రాల పందెం కింద
నాలుగు లైన్లు, చాంపియను ఫోటో,
చేతిల నీళ్ళ సీస.

ఐతారం అన్నీ అయిపోయినంక
బల్లలు అమ్మకానికి పెట్టిండ్రు.
ముహర్రఖ్‌ల చాయి దుకాణపాయన వచ్చి
ఫోను లైటు కొట్టుకుంట ఒక్కొక్కటి వంగి చూసిండు.
పద్నాలుగో దాని మీద ఏలు పెట్టిండు.
నువ్వుగింజంత తెల్లమచ్చ,
కర్ర దెబ్బకు బంతి కింద బట్ట కాలిన జాగ.
ఇదేంది, అన్నడు.
పాత మచ్చ, అన్నడు మేనేజరు,
ఐదు దినార్లు తగ్గించిండు.
నేను బల్ల కింద కాళ్ళు విప్పుతున్న.
నోటినిండ స్క్రూలున్నయి.