బాలమణక్క పేరు తీసేసిన రోజు

నారాయణగూడల, మెట్ల కింది గది మా డీటీపీ సెంటర్.
పెండ్లి కార్డులు, కిరాయి అగ్రిమెంట్లు,
థీసిస్‌లు, దశదినకర్మ పత్రికలు.
పద్దెనిమిదేండ్లల్ల ఈ పట్నం అచ్చేసుకున్న మాటలు
ఎన్నో నా వేళ్ల కిందికెళ్లే పోయినయి.

బోనాల ముందటి సోమవారం
మెయిల్ల ఎవరో పంపిన బిల్లు తెరిచిన.
నాకు రావల్సిన బిల్లు కాదు.
అయినా బిల్లంటే భయం గద, తెరుస్తం.
తిన్న టిఫిన్ డబ్బకు మూత పెట్టే లోపట
ఫైళ్లన్నిటికీ తోకలు మారినయి.
తెర మీద ఎర్రక్షరాలు
డాలర్లు అడుగుతున్నయి.
డాలరు నేను పేపర్ల తప్ప జూడలే.

ఖలీల్ పార్క్‌లేన్ నుంచి స్కూటీ మీద వచ్చిండు.
రాంగనే ఇంటర్నెట్ వైరు పీకిండు,
అగ్గి అంటుకుంటే పక్కింటోళ్లను లేపినట్టు, తొందరగ.
తర్వాత డబ్బ విప్పిండు.
ఫ్యాను మీద దుమ్ము, బొంతంత మందం.
ఓ మూలకు బల్లిగుడ్డు పెంకు.
"అక్కా, దీనికి ఊపిరాడ్తలేదు" అనుకుంట
పసిపిల్ల చెవి తుడ్సినట్టు
బ్రష్షుతోని ఊడ్సిండు.

పైసలు కట్టాల్నా, అనడిగిన.
"కడితే ఇస్తడని ఎవరు చెప్పిండ్రు?
దొంగకు అడ్వాన్సు ఇస్తమా?"

"కాపీ ఏది మరి?"
ఉంది. అదే డబ్బల, ఇంకో ఫోల్డర్ల,
బ్యాకప్ అని పెద్దక్షరాలల్ల పేరు పెట్టి మరీ.
దానికి సుత తోక మారింది.
ఖలీల్ నవ్వలే. నవ్వితే బాగుండు.

కుడిచేతి మూలకు అప్‌డేట్ అని రోజూ అడిగేది.
తర్వాత, అని నొక్కేదాన్ని.
చీటీలోడు వస్తే ఇంట్ల లేనని
పిల్లగానితోని చెప్పిచ్చినట్టు
రెండేండ్లు చెప్పిచ్చిన.

ఇగ తెర అంచుకు అతికిచ్చిన పసుపు చీటీ.
దాని మీద బాలమణి, పక్కన ఒకటి.
దుకాణానికి అదే, మెయిలుకు అదే,
కరెంటు బిల్లుకు అదే, బ్యాంకుకు సుత అదే.
"ఒక్క చెవితోని ఇన్ని తలుపులా" అన్నడు,
"మార్చాలె. అన్నీ. ఇయ్యాలనే."

ఫైళ్లు పోయినందుకు నేను ఏడ్వలే.

బాలమణక్క నా కండ్లకు చున్నీ కట్టి
కీబోర్డు నేర్పింది.
ఒత్తు ఏడుందో వేలికి తెల్వాలె, కంటికి గాదు, అనేది.
కరోనల పోయింది. ఆఖరికి చూడనియ్యలే.
రోజూ పొద్దుగాల షట్టర్ లేపి
ఆ పేరు కొడితేనే ఈ గదికి తెల్లారేది.
చెరిపే మీట మీద వేలు పెట్టి కూసున్న.
ఖలీల్ ఏమనుకున్నడో
చాయ్ తెస్తనని బయటికి పోయిండు.

వచ్చినంక మెల్లగ చెప్పిండు:
"పేరు పెట్టకు. మాట పెట్టు, పొడుగ్గ.
నీకు తప్ప ఎవ్వరికి అర్థం గానిది.
బ్యాంకుకు వేరే, మెయిలుకు వేరే.
ఫోన్‌కు నంబరొస్తే
దేవుడు అడిగినా చెప్పకు."

ఇప్పుడు రెండు డిస్కులు కొన్న.
శుక్రవారం సాయంత్రం ఒకదాన్ల కాపీ,
కాంగనే వైరు పీకుడు.
రెండోది నెలకోసారి.
అది ఇంట్ల కందిపప్పు డబ్బ ఎనక ఉంటది.
మా ఆయన ఓసారి పోపుల డబ్బనుకొని తెరవబోయిండు.

పోయినయి చానా పోయినయి.
మూసీ మీద థీసిస్ రాసిన పిల్లది మాత్రం
పాత పేపర్ల కట్టల ప్రూఫు దొరికింది,
నూట నలభై పేజీలు.
కాంటా కాడికి పోవాల్సిన కట్ట.
పైస తీసుకోకుండ మళ్ల కొట్టిన.
కొడ్తుంటే నా పాత తప్పులే పదకొండు కనపడ్డయి.

పసుపు చీటీ పర్సుల పెట్టుకున్న.
అది ఇప్పుడు దేన్నీ తెరవదు.

కొత్తది, మొదటి రోజు నేను క్ష రాయబోయి
కష అని కొట్టినప్పుడు
బాలమణక్క తిట్టిన తిట్టు. మొత్తం వాక్యం.
పొద్దుగాల షట్టర్ లేపంగనే
తిట్టిచ్చుకొని పని మొదలువెడ్త.
ఏం తిట్టిందో మీకు చెప్ప.
ఖలీల్‌కు సుత చెప్పలే.