మంచానికీ చర్మానికీ మధ్య

అకితాలో మంచు కురిసే రాత్రి ఎవరూ ఎవరి తలుపూ తట్టరు.
హాస్టల్ గదిలో హీటర్ ఒక్కటే గొణుగుతుంటుంది.
నేను ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉంటాను.
జొకుసో.
పడకపుండు.

ఈ పుండు నాకు కొత్తేం కాదు.
పుర్వోకెర్తో ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు
దాని వాసన గుమ్మం దగ్గరే పసిగట్టేదాన్ని.
నడుం కింద ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే
తెల్లబడుతుందా, లేదా?
అంతే. మిగతాది చేతులే చూసుకునేవి.

ఇక్కడ అది రెండక్షరాలు,
మొత్తం ముప్పై గీతలు.
మొదటిదాంట్లో ఎడమపక్క బట్ట, కుడిపక్క అవమానం.
రెండోదాంట్లో రోగం చూరు కింద ఒక ధాన్యపు కొట్టు.
ఎవరు కట్టారో గాని
మంచం పక్కన చాలా రాత్రులు కూర్చున్నవాళ్లే కట్టి ఉంటారు.

"పరీక్షలో పైన చిన్నక్షరాల్లో పలుకు ఇస్తారుగా పలూపీ,
ఎందుకీ ముప్పై గీతల గోల" అంటుంది కుదో సాన్.
ఇస్తారు.
డ్యూటీ మారేటప్పుడు చేతికొచ్చే కాగితం మీద ఇవ్వరు.

ఇది మూడోసారి.
మొదటిసారి ముప్పై ఏడు మార్కులు తక్కువ,
రెండోసారి తొమ్మిది.
తొమ్మిది మరీ పాడు అంకె,
ఆశ పెట్టి నిద్ర ఎత్తుకెళుతుంది.
చెల్లెలు ఫోన్‌లో పరీక్ష ఊసెత్తదు,
కిటికీ తెరిచి మంచు చూపించమంటుంది.

పగలు కట్టుడుపళ్లు కడుగుతాను, డైపర్లు మారుస్తాను,
జావ చల్లారిందో లేదో మణికట్టు మీద చూసుకుంటాను.
సూది ముట్టకూడదు.
తప్పనను, చట్టం చట్టమే.
ఆ సంగతి చేతులకి నచ్చజెప్పడానికే
ఒక చలికాలం పట్టింది.

హతకెయామా బామ్మకి తొంభై ఒకటి.
ఏదడిగినా "న్ద" అంటుంది.
నా ఎనిమిది పుస్తకాల్లో ఎక్కడా లేని మాట.
అవునని అర్థమట, ఆ కొండల వైపు.
నొప్పిగా ఉందా? న్ద.
తగ్గిందా? న్ద.
ఒక్కోసారి న్ద అంటూనే కళ్లు తుడుచుకుంటుంది.
దానికి నాలుగు జవాబుల్లో ఏది?

డిసెంబరులో ఒక రాత్రి కొత్త నర్సు మియు
ఆ చేతిలో నరం దొరక్క రెండుసార్లు గుచ్చి
మూడోసారికి వణికింది.
నరం ఎక్కడుందో నాకు తెలుసు,
రోజూ ఆ చెయ్యి తుడిచేది నేనే.
నోరు విప్పలేదు.
వేడినీళ్లలో తువాలు ముంచి, పిండి,
మోచేతి కింద, బొటనవేలి వైపు కప్పాను.
తువాలు కప్పడానికి లైసెన్సు అక్కర్లేదు.
తీసేసరికి అక్కడే నీలంగా లేచి నిలబడింది.
మియు ఒక్కసారికే అందుకుంది.
నా వైపు చూడలేదు, తల మాత్రం కాస్త వంచింది.
ఆ రాత్రి గదికొచ్చి కసిగా రెండు వందల ప్రశ్నలు చేశాను.
అరవై రెండు తప్పు.

ఫిబ్రవరి. సెందాయ్.
హాల్లో అందరి బూట్ల మంచూ కరిగి
బల్ల బల్ల కిందా ఒక బుల్లి మడుగు.
బిస్మిల్లా అనుకుని కాగితం తిప్పాను.

ముప్పై నాలుగో ప్రశ్నలో ఉంది అది.
పైన చిన్నక్షరాలున్నాయి, చూడలేదు.
బట్ట, అవమానం, రోగం, కొట్టు,
అన్నీ ఎక్కడివక్కడే.
పెన్సిలు ఆగింది,
జవాబు తెలియక కాదు.
గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.
పదకొండుకి బామ్మని ఎడమపక్కకి తిప్పాలి.
తలగడ దగ్గర చీటీ అంటించి వచ్చాను,
కుడి తుంటి ఎర్రబడింది, కనిపెట్టి ఉండండని,
ఆ రెండక్షరాలూ నా చేత్తోనే రాసి.
మియు చదివిందా?

గుండ్రం నల్లగా నింపాను.
తర్వాతి ప్రశ్న.